ప్రయోగం ఒకటి: తాడును పాముగా చూచుట

గరువుపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో తత్వశాస్త్రం చదివినవాళ్లు చాలామంది ఉన్నారు గాని, చదువుదామని చేరినవాళ్లు ఒక్కరూ లేరు. కంప్యూటర్లలో సీటు రానివాళ్లు కామర్సుకు, అక్కడా రానివాళ్లు చరిత్రకు పోగా, ఆఖర్న కౌంటరు మూసే వేళకు ఆయాసపడుతూ వచ్చినవాళ్లను తత్వశాస్త్రంలో వేసేవారు. వాళ్లకు జీవితం అంటే ఏమిటో అప్పటికే కొంత అర్థమై ఉండేది కాబట్టి, ఆ శాఖ అధిపతి, ఉపాధిపతి, ఏకైక అధ్యాపకుడు అయిన చామర్తి ఉమాకాంతానికి పెద్దగా శ్రమ ఉండేది కాదు.

ఉమాకాంతం పాఠం చెప్పడు, చెప్పి రాయిస్తాడు. తాను ఎమ్మే చదివే రోజుల్లో తన మాస్టారు రాయించిన నోట్సునే రాయిస్తాడు. కామా వచ్చినచోట కామా అనీ, పేరా మారినచోట కొత్త పేరా అనీ ఎంతో నిజాయితీగా చెబుతాడు. సత్యం అంటే ఏమిటి అన్న ప్రశ్నకు ఆ నోట్సులో నాలుగు పేజీల సమాధానం ఉండేది. ఒక వానాకాలం ఆఖరి పేజీ తడిసి చిరిగిపోయింది. అప్పట్నుంచీ గరువుపేటలో సత్యం మూడు పేజీలే. లోటు కనిపెట్టినవాళ్లు ఎవరూ లేకపోవడంతో, ఆ నాలుగో పేజీలో ఏముండేదో అతనూ మరిచిపోయాడు.

ఇలా హాయిగా సాగుతున్న కాలంలో ఉన్నత విద్యా ప్రయోగీకరణ మండలి నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది.

"ప్రారంభ విద్యార్థులకు తత్వశాస్త్రమును పరిచయము చేయుటలో ఇంతవరకు నోటిమాట మాత్రమే వినియోగింపబడుచున్నట్లు మండలి దృష్టికి వచ్చినది. చేతితో చేయనిది బుర్రకెక్కదని మండలి దృఢముగా విశ్వసించుచున్నది. కావున ఈ సంవత్సరము నుండి తత్వశాస్త్రమునకు ప్రయోగశాల, ప్రాక్టికల్ పరీక్ష, బయటి కళాశాల పరీక్షకులు తప్పనిసరి. ఒక బ్యాచికి ఒకే ఫలితము రావలెను. ఏకరూప ఫలితము సాధింపలేని శాఖలు మూసివేయబడును. అట్టి శాఖల అధ్యాపకులు అవసరమున్న చోట సర్దుబాటు చేయబడుదురు."

ఆ చివరి మాట చదివి ఉమాకాంతం మంచినీళ్లు తాగాడు. అంతకుముందు ఏడాది అలా సర్దుబాటైన సంస్కృతం మాస్టారు ఇప్పుడు జిల్లా అంతా తిరిగి హాస్టళ్లలో పప్పు రుచి చూస్తున్నారు. మనిషి లావయ్యారు గాని, ఎదురుపడితే తల తిప్పుకుని పోతున్నారు.

ప్రిన్సిపాల్ డాక్టర్ కర్రి సన్యాసిరావు ఈ ఉత్తర్వుకు ఏమాత్రం కంగారుపడలేదు. ఆయన కెమిస్ట్రీ మనిషి. ప్రాక్టికల్స్‌లోనే పుట్టి ప్రాక్టికల్స్‌లోనే పెరిగినవాడు.

"ఇందులో కష్టం ఏముందండీ," అన్నాడాయన ఉమాకాంతాన్ని కూర్చోబెట్టి. "మా లవణ విశ్లేషణే తీసుకోండి. పిల్లాడికి తెల్లటి పొడి ఒకటి ఇస్తాం. అదేమిటో వాడు కనిపెట్టాలి. పరీక్షకు ముందురోజే ఎటెండరు ఏ బల్ల మీద ఏ లవణమో చెప్పేస్తాడు. ఆ తర్వాత పిల్లాడు నిర్భయంగా కనిపెడతాడు. మరి మీదాంట్లో కనిపెట్టాల్సింది ఏమిటి?"

"సత్యం అండి," అన్నాడు ఉమాకాంతం బిడియంగా.

"చాలా సంతోషం. అదేమిటో ముందే ఎటెండరుకు చెప్పి ఉంచండి."

జువాలజీ వాళ్ల పాత సామాన్ల గది ఖాళీ చేయించి తత్వశాస్త్ర ప్రయోగశాల అని బోర్డు కట్టారు. ఒకే ఒక్క కిటికీకి అడ్డంగా బీరువా ఉండిపోయింది. దాన్ని కదిపితే గోడ వచ్చేస్తుందన్నారు. నిబంధనల ప్రకారం మంటలార్పే డబ్బా, దూది, అయోడిన్ పెట్టించారు. విద్యార్థులంతా తెల్ల ఆప్రాన్లు కుట్టించుకున్నారు. గోడ మీద రాసే హెచ్చరికలు మండలే పంపింది. ప్రయోగశాలలో తినరాదు, తాగరాదు, అధ్యాపకుడు లేనప్పుడు ఒంటరిగా ఆలోచించరాదు.

ప్రయోగాల పుస్తకం మాత్రం ఉమాకాంతమే రాయాలి. అతను తెగ ఆలోచించాడు. నిజానికి అతను ఆలోచించడం చాలా ఏళ్ల తర్వాత అదే మొదలు. చివరికి తత్వశాస్త్రంలో అందరికీ మొట్టమొదట చెప్పే దృష్టాంతాన్నే తీసుకున్నాడు. మసక వెలుతుర్లో తాడును చూసి పామనుకుని భయపడతాం. తర్వాత అది తాడేనని తెలుసుకుంటాం. ప్రపంచమూ అంతేనేమో చూడమంటారు పెద్దలు. ఫలితం దగ్గర అతను "తాడును పాముగా భ్రమించి, పిమ్మట తాడేయని గ్రహించుట" అని రాశాడు.

సన్యాసిరావు అక్కడ ఎర్ర సిరాతో గీత పెట్టాడు. "ఒక ప్రయోగానికి రెండు ఫలితాలేమిటండీ? కుర్రాడు ఏది రాయాలి? ఒకటి ఉంచండి."

"ఏది ఉంచమంటారు?"

"ముందు వచ్చేది. రెండోదాకా మన పీరియడ్ సరిపోదు."

ఆ విధంగా ప్రయోగం ఒకటి సిద్ధమైంది. ఉద్దేశం: తాడును పాముగా చూచుట. పరికరాలు: తాడు ఒకటి, మసక వెలుతురు కావలసినంత. విధానం: తాడును నేలపై వంకరగా ఉంచి, కొంతదూరం నుండి చూడవలెను. ఫలితం: పాము కనిపించినది. జాగ్రత్తలు: తాడును ముందుగా తాడని తెలుసుకొనరాదు. మండలి దీన్నే మెచ్చి రాష్ట్రంలోని అన్ని కళాశాలలకూ పంపించింది.

తాడుకు టెండరు పిలిచారు. తక్కువ ధర వేసినవాడు నీలం నైలాన్ తాడు తెచ్చి ఇచ్చాడు. మామూలు నీలం కాదు, పెళ్లి పందిట్లో కుర్చీలకుండే నీలం. ఇది పామెలా అవుతుందండీ అని ఉమాకాంతం మొత్తుకుంటే, టెండరు కాగితంలో రంగు మీరు రాయలేదు కదా అన్నారు. మసక వెలుతురు కొనుగోలు జాబితాలో లేదని తిప్పి పంపారు. దాని బదులు ప్రయోగశాలలన్నిటికీ మంజూరైన రెండు ట్యూబులైట్లు బిగించి వెళ్లారు. నీలం తాడు ఆ వెలుగులో నేల మీద ధగధగలాడుతూ పడుకుంది. ఉమాకాంతం కుర్చీలో కూర్చుని దానివంక చూసి, పోనీలే, అసలు భ్రాంతికి వస్తువుతో పనేముంది అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఆ విద్యలో అతనికి మంచి సాధన ఉంది.

మొదటి ప్రాక్టికల్ క్లాసుకు ముప్ఫయిమంది దాకా తెల్ల కోట్లలో వచ్చారు. గది మందుల కంపెనీలా కనబడింది.

"సార్, ఏం రావాలండి?" అని వెనక బల్ల నుంచి ఒకడు అడిగాడు.

"పాము," అన్నాడు ఉమాకాంతం.

అందరూ తలలు వంచి పాము అని రాసేశారు. సగంమంది తాడు ఎక్కడుందో కూడా చూడలేదు. పీరియడు మొదలయ్యే లోపే ప్రయోగం ముగిసింది. ఒకమ్మాయి మాత్రం బల్ల దిగి, తాడు దగ్గరికి వెళ్లి, గొంతుక్కూర్చుని చూస్తూ ఉండిపోయింది. పేరు బోనెల పైడిరత్నం. పక్క పల్లె నుంచి బస్సులో వస్తుంది. ఆ బస్సు ఆలస్యం కావడం వల్లే ఆమెకు తత్వశాస్త్రం దక్కింది.

"ఏమ్మా, రాయలేదా?"

"తాడండి ఇది," అంది పైడిరత్నం. "మా గేదెని కట్టిందీ ఇదే రంగండి."

"సరిగ్గా చూడు. దూరం నుంచి చూడు."

ఆమె గోడ దాకా వెళ్లి చూసింది. కళ్లు చికిలించి చూసింది. బల్ల కింద నుంచి చూసింది. మిగతావాళ్లు క్యాంటీనుకు పోయారు. బెల్లు కొట్టినా ఆమె చూస్తూనే ఉంది.

"ఎంత సూసినా తాడేనండి. నానేటి సెయ్యాలి?" అని, మళ్లీ అడిగింది. "సార్, పాము కనిపించినోళ్లకి తరవాత అది తాడని ఎలా తెలుస్తాదండి? ముందొచ్చిన సూపు తప్పయితే, తరవాతొచ్చింది రైటని ఎవరు సెప్తారు?"

ఉమాకాంతం నోట్సు తిరగేశాడు. అందులో ఆ ప్రశ్న లేదు. రేపు చెబుతాను అన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఉద్యోగంలో అతన్ని విద్యార్థులు అడిగినవి రెండే ప్రశ్నలు. ఇది పరీక్షకు వస్తుందా అన్నది ఒకటి, హాజరు సరిపోతుందా అన్నది రెండోది. ఇవాళ మూడోది వచ్చింది. అది అతని వెంట కాలేజీ గేటు దాకా, అక్కణ్నుంచి ఇంటి దాకా వచ్చింది. అన్నం తింటూ రెండుసార్లు తనలో తాను నవ్వుకుంటే భార్య కూరలో ఉప్పు ఎక్కువైందేమోనని రుచి చూసుకుంది. అతనికి నిజంగా సంతోషంగా ఉంది. ఇంతకాలానికి తనకొక శిష్యురాలు దొరికింది, అదీ తన ప్రమేయం ఏమీ లేకుండా.

ఆ సంతోషం సన్యాసిరావు పిలిచేదాకా ఉంది.

"మీ బ్యాచిలో ఒకమ్మాయికి తాడు వస్తోందట?"

"ఉన్నది తాడే కదండీ."

"ఉన్నదాంతో మనకేం పనండీ? రావలసింది రావాలి. మా దగ్గర రీడింగు రాకపోతే రావలసినదాన్నించి వెనక్కి లెక్క కట్టుకుంటూ వస్తాం. ఎంత పెద్ద శాస్త్రజ్ఞులైనా మొదట్లో అలాగే చేసుంటారు. ఒక్క తాడు పడిందంటే ఏకరూప ఫలితం పోయినట్టే. శాఖ పోతుంది. మీరు సర్దుబాటులోకి వెళ్తారు. మీకు పప్పు పడుతుందా?"

పడదు. ఉమాకాంతానికి కందిపప్పు వాసనకే కడుపుబ్బరం. మర్నాడు అతను పైడిరత్నాన్ని విడిగా పిలిచి, సత్యంలో అంతస్తులు ఉంటాయమ్మా అని మొదలుపెట్టాడు. కలలో కనిపించే సత్యం ఒకటి, నలుగురితో వ్యవహరించే సత్యం ఒకటి, అన్నిటికీ పైన పరమసత్యం ఒకటి అని వివరించాడు. ఇవి కాక పరీక్షా సత్యమని నాలుగోది ఉంటుందన్నాడు. అది ఏ గ్రంథంలోనూ లేదు. ఆ క్షణంలో అతని నోట్లోనే పుట్టింది. పుట్టినందుకు అతను కొంచెం గర్వపడ్డాడు కూడా.

పైడిరత్నం అదంతా శ్రద్ధగా రాసుకుంది. "శానా బాగుందండి. కానీ అది తాడేనండి."

"ఒక్క మాట రాసెయ్యమ్మా. పాము అని. రెండక్షరాలు."

"మీరు సూసేరాండి పాముని?"

"ఎన్నోసార్లు," అన్నాడు ఉమాకాంతం. నోట్సులో అన్నమాట.

"నాకూ ఓసారి కనిపిస్తే రాస్తానండి, నాకేటి పంతం. సూడకుండా రాసీడానికైతే ఇంత దూరం బస్సెక్కి రావడం ఎందుకండి, ఇంటికాడే రాసుకుందును."

శాఖ నిలవాలంటే ఆ శాఖలో చదువుతున్న ఒకే ఒక్క మనిషి చేత అబద్ధం రాయించాలి. రాయించాక ఆ శాఖ ఎందుకో తెలియదు. రాయించకపోతే పప్పు. ఇంత చక్కటి సంకటం పుస్తకాల్లో కూడా దొరకదని అతనికి అనిపించింది. వేరే ఎవరిదైనా అయితే దాన్ని రాయించి, కింద గీత కూడా గీయించేవాడు.

పరీక్ష రోజు వచ్చింది. జిల్లాలో తత్వశాస్త్రం మాస్టారు ఇంకొకరు లేకపోవడంతో, బయటి పరీక్షకురాలిగా బోటనీ మేడమ్ కోగంటి రాజ్యలక్ష్మిని పంపారు. కాఫీ, జీడిపప్పు, భోజనానికి చెప్పిన బిర్యానీ వివరాలు పూర్తయ్యాక ఆవిడ ప్రయోగశాలలోకి వచ్చి, నేల మీద తాడును చూసి మొహమాటపడింది.

"మేమైతే కాండాన్ని అడ్డంగా కోసి చూస్తామండి. దీన్ని కోయించాలా?"

"కోయక్కర్లేదండి. అడగడమే," అన్నాడు ఉమాకాంతం.

విద్యార్థులు ఒక్కొక్కరే వచ్చారు. ఏం కనిపించిందమ్మా అంటే పాము మేడమ్ అన్నారు. ఎలాంటి పాము అని ఆవిడ అడిగేసరికి, అది పుస్తకంలో లేక, ఒకడు కిందికి చూసి నీలం పాము మేడమ్ అన్నాడు. తర్వాతవాడు పడగెత్తింది మేడమ్ అన్నాడు. ఆ తర్వాతవాడు బుస కొట్టిందన్నాడు. పరిశీలన బాగుందని ఆవిడ రెండేసి మార్కులు ఎక్కువ వేసింది. పదిహేనోవాడికల్లా ఆ పాము గుడ్లు పెట్టింది. ఉమాకాంతం ప్రతిదానికీ తల ఊపి సంతకం చేశాడు.

పైడిరత్నం వచ్చింది. "తాడండి," అంది.

రాజ్యలక్ష్మి పెన్ను ఆగిపోయింది. పుస్తకం చూసింది, తాడును చూసింది, మళ్లీ పుస్తకం చూసింది. "నాకూ అలాగే ఉందనుకోమ్మా. కానీ ఇక్కడ పామని ఉందే. ఇంటర్నల్ గారు ఏమంటారు?"

భోజనం ఏర్పాట్లు చూడ్డానికి వచ్చిన సన్యాసిరావు గుమ్మంలోనే నిలబడిపోయి ఉమాకాంతం వంక చూశాడు. పైడిరత్నం కూడా చూసింది. ఆమె చూపులో బెదిరింపు లేదు, వేడుకోలు లేదు. మాస్టారు చెబుతాడులే అన్న నమ్మకం ఉంది. చెప్పేస్తాను అనుకున్నాడు ఉమాకాంతం. నిజంగానే అనుకున్నాడు. ఇన్నేళ్ల నౌకరీలో నోట్సు లేకుండా ఒక్క వాక్యం చెబుతాను, ఆ తర్వాత పప్పయితే పప్పు. అతను కుర్చీలోంచి లేచాడు. తాడు దగ్గరగా వెళ్లి, చేత్తో చూపించి మరీ చెప్పాలని నాలుగడుగులు వేశాడు. ఇన్ని నెలల్లో దాని దగ్గరికి వెళ్లడం అతనికదే మొదటిసారి.

అప్పుడే కరెంటు పోయింది.

కిటికీకి బీరువా అడ్డం కదా, గదిలో మసక వెలుతురు కావలసినంత ఏర్పడింది. ఉమాకాంతం వేసిన కాలు దేన్నో తాకింది. అది మెత్తగా జారింది. వంకర తిరిగి, నల్లగా, అతని చెప్పు పక్కనే కదిలింది. ఒళ్లంతా చల్లబడిపోయింది. తర్వాత ఏం జరిగిందో అతనికి తెలియదు. ఒక కేక వినిపించింది, ఆ గొంతు తనదే. కరెంటు వచ్చేసరికి అతను పరీక్షకురాలి బల్ల మీద, జీడిపప్పు ప్లేటు పక్కన, పంచె మోకాళ్ల పైకి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

కింద నీలం తాడు ఉంది.

ఎవరూ నవ్వలేదు. సన్యాసిరావు మెల్లగా చప్పట్లు కొట్టాడు. ఆయన కళ్లు చెమర్చాయి. "చూశారా మేడమ్. నా సర్వీసులో ఇంత స్పష్టంగా ఫలితం వచ్చిన ప్రయోగం ఇంకోటి చూడలేదు. శాఖాధిపతి గారు స్వయంగా నిరూపించారు. ఇంక సందేహం ఏముందండీ?"

"ఏమీ లేదండి," అంది రాజ్యలక్ష్మి, తెరిపినపడి. "నేనే కళ్లారా చూశాను."

పైడిరత్నం వంగి తాడును తీసి, చుట్ట చుట్టి పక్కన పెట్టింది. "తాడేనండి సార్, బయపడకండి. దిగండి," అంది.

ఉమాకాంతం బల్ల మీద నిలబడి కిందికి చూశాడు. నేను చూసింది పాము, ఉన్నది తాడు. అంతే వాక్యం. తత్వశాస్త్రం మొత్తం అందులో ఉంది. ఆ వాక్యం అతని నోటిదాకా వచ్చింది. దాంతోబాటే అందులో రెండో సగం చెబితే పామని రాసినవాళ్లంతా ఏమవుతారో, శాఖ ఏమవుతుందో, తానేమవుతాడో కూడా వచ్చాయి.

"ఉమాకాంతం గారూ, పామే కదండీ?" అన్నాడు సన్యాసిరావు ప్రేమగా.

"పామే," అన్నాడు ఉమాకాంతం.

రాజ్యలక్ష్మి పైడిరత్నం పేరుకు ఎదురుగా "ఫలితము రాలేదు, మరల చేయవలెను" అని రాసింది. పరీక్ష తప్పినవాళ్లను బ్యాచిలో లెక్కించనక్కర్లేదని సన్యాసిరావు నిబంధన చూపించాడు. ఏకరూప ఫలితం వచ్చేసింది. బిర్యానీ కూడా వచ్చింది. ఉమాకాంతం తినలేదు. కడుపులో బాగాలేదన్నాడు, అది మటుకు నిజమే.

రెండు వారాల్లో మండలి నుంచి ప్రశంస వచ్చింది. "అన్ని కళాశాలలలోను పాము కనిపించినట్లు వ్రాతపూర్వకముగా మాత్రమే తెలియవచ్చినది. పరీక్షకుల సమక్షమున భ్రాంతి ప్రత్యక్షముగా సాధింపబడినది గరువుపేటలో మాత్రమే. కావున వచ్చే సంవత్సరము నుండి విధానమునందు 'బల్ల ఎక్కుట' అను అంశము చేర్చబడుచున్నది. బల్ల ఎక్కుటకు పది, కేకకు ఐదు మార్కులు. శ్రీ చామర్తి ఉమాకాంతం గారిని రాష్ట్రస్థాయి భ్రాంతి శిక్షకులుగా నియమించుచున్నాము." దాని వెనకే గట్టి టేకు బల్లలు వచ్చాయి. శాఖకు శాశ్వతంగా ఢోకా లేదన్నారు.

పైడిరత్నం మళ్లీ ప్రాక్టికల్ చేయలేదు. చరిత్రలో ఎవరో మానేసి సీటు ఖాళీ అయితే అందులోకి మారిపోయింది. వెళ్లేముందు మాస్టారికి చెప్పి వెళ్దామని ప్రయోగశాలకు వచ్చింది. ఉమాకాంతం టేకు బల్ల ఊగుతోందేమో చూసుకుంటున్నాడు.

"ఎల్తానండి సార్. ఓ మాట అడగనాండి? ఆ రోజు మీకు నిజింగానే పాము కనిపించిందా?"

"నిజంగానే కనిపించిందమ్మా," అన్నాడు ఉమాకాంతం. ఈ ఒక్క విషయంలో ఆమె తనను నమ్మాలని అతనికి ఎంతో అనిపించింది. "ప్రాణం పోయిందనుకున్నాను."

"నాను సూసేనండి. మీ మొకం అలాటి అబద్దం ఆడలేదు." ఆమె కాస్త ఆలోచించింది. "మరి తాడని ఎప్పుడు తెలిసిందండి?"

"కరెంటు రాగానే."

"మరి దిగి సెప్పలేదేటండి?"

ఆమె నిష్ఠూరంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. అతను నోరు తెరిచాడు. సత్యం అంతస్తులు నాలుగూ గుర్తొచ్చాయి. ఒక్కటీ ఆ ప్రశ్నకు అందలేదు. పైడిరత్నం బస్సు వేళవుతోందని నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. అతనికి సిగ్గేసింది. వంగి, ఊగుతున్న బల్ల కాలి కింద కాగితం మడిచి పెట్టాడు.

ఉమాకాంతం ఇప్పుడు ఊరూరా తిరిగి కొత్త విద్యార్థులకు తత్వశాస్త్రాన్ని పరిచయం చేస్తున్నాడు. ఏ కాలేజీకి వెళ్లినా దండ వేస్తారు, తాడు పరుస్తారు, కిటికీలు మూస్తారు. అతను నాలుగడుగులు వేసి, ఆగి, కిందికి చూస్తాడు. ఆ రోజు కలిగిన ఆ భయం ఒక్కసారైనా మళ్లీ కలుగుతుందేమోనని, కలిగితే ఈసారి దిగి చెప్పేద్దామని, ప్రతిచోటా ఆశగానే చూస్తాడు. వెళ్లిన ప్రతిచోటా అతనికి తాడే కనిపించింది. ప్రతిచోటా బల్ల ఎక్కాడు.